అంటని జబ్బు

జువ్వలపాలెం,
ఆగస్టు 1997

చిరంజీవి శ్రీసత్యకు,

మీ వదిన రామలక్ష్మి దీవెనలు. నీ ఉత్తరం అందింది. నువ్వు చెప్పినట్టే పొద్దున్న లేవగానే వచ్చిన కఫం నువ్వు పంపిన సీసాల్లోనే పట్టి మూతలు బిగించాను. రొయ్యపిల్లల కోసం మీ అన్నయ్య మద్రాసు వస్తున్నారు కదా, ఐసు పెట్టెలో పెట్టి ఆయనతోనే పంపుతున్నాను. సర్కారు ఎక్స్‌ప్రెస్‌లో పక్కవాళ్ళు "ఏంటండీ అది" అని అడిగితే ఏం చెప్పాలని ఆయన బెంగ. రొయ్యలని చెప్పమన్నాను.

నా సంగతి వివరంగా రాయమన్నావు. క్షయ మందులు వాడడం ఇది మూడోసారి. మొదటిసారి తగ్గినట్టే తగ్గి మళ్ళీ మొదలైంది. రెండోసారి అసలు తగ్గలేదు. పరీక్ష చేయించిన ప్రతిసారీ కఫంలో పురుగులు ఉన్నాయనే వస్తోంది. "మాత్రలు సరిగ్గా మింగుతున్నారా అమ్మా" అంటారు భీమవరం డాక్టరుగారు. మింగుతున్నానండీ అంటే నమ్మినట్టు కనపడరు. మందులకు లొంగని క్షయ అయివుంటుందని ఈమధ్య కొత్తగా అంటున్నారు. జ్వరం సాయంత్రం పూట వచ్చి పోతోంది. జాకెట్లన్నీ వదులైపోయాయి, అంతకుమించి ఏమీ లేదు.

గాలి బాగుంటుందని ఈమధ్య చెరువు గట్టు మీది గదిలో ఉంటున్నాను. ఇక్కడ హాయిగానే ఉంది. సుప్రజ మూడో తరగతిలోకి వచ్చింది. అత్తయ్యగారు కులాసా. నీ పెళ్ళి మాట ఎత్తితే నీకు కోపం కనుక ఎత్తను.

వదిన

—

చెన్నై,
సెప్టెంబరు 1997

వదినగారికి,

సత్య నమస్కారాలు. సీసాలు చల్లగానే చేరాయి. ఆరోజే వాటిని శుద్ధి చేసి, గుడ్డు సొనతో చేసిన సూక్ష్మజీవుల మేత మీద వేసి వెచ్చటి గదిలో పెట్టాను. ఈ రకం సూక్ష్మజీవులు చాలా నిదానంగా పెరుగుతాయి. వారాలు పడుతుంది, నన్ను తొందర పెట్టకండి. క్షయ మీద పని చేసే ల్యాబులో ఉండి కూడా ఇన్నేళ్ళూ మీ కఫం తెప్పించి చూడాలన్న ఆలోచన నాకు రాలేదు. మా ఇంట్లో ఉన్నది మామూలు క్షయే, మందులతో పోతుందనుకున్నాను.

ఒకటి అడుగుతాను, దాచకుండా రాయండి. చెరువు గట్టు మీది గది అంటే మేత బస్తాలు వేసే గదే కదా. దానికి ఒకటే కిటికీ, అదీ మోటారు వైపు. అక్కడ గాలి బాగుంటుందని ఎవరన్నారు? అన్నయ్యను అడిగితే టీ గ్లాసు వంక చూస్తూ "మీ వదినే వెళ్ళింది" అన్నాడు. అన్నయ్య అబద్ధం చెప్పేటప్పుడు నా మొహం చూడడు, చిన్నప్పటి నుంచీ అంతే.

మిమ్మల్ని అక్కడికి పంపింది అమ్మేనా? అయితే నేను అమ్మకు రాస్తాను.

సత్య

—

జువ్వలపాలెం,
సెప్టెంబరు 1997

సత్యా,

దయచేసి అత్తయ్యగారికి ఏమీ రాయకు. నీతో చాడీలు చెప్పానని అనుకుంటారు. ఆవిడ నీకు అమ్మ. నేను ఆవిడ గురించి నీకు రాయడం బాగుండదనే ఇన్నాళ్ళూ రాయలేదు.

ఆవిడ తప్పు పట్టాల్సిందేమీ చెయ్యలేదు. వాళ్ళ తమ్ముడు క్షయతో పోయినప్పుడు ఆవిడకు పన్నెండేళ్ళట. ఒకే మంచం మీద పడుకునేవాళ్ళట. ఆయన నోట రక్తం పడిన దుప్పటి కాలవలో ఆవిడే ఉతికారట. మూడోసారి కూడా నా కఫంలో పురుగులు వచ్చాయని విన్న రోజు సుప్రజను ఒళ్ళో పెట్టుకుని వణికిపోయారు. "అమ్మాయ్, నిన్ను పొమ్మనడానికి నాకు నోరు రావడం లేదు, పసిదాని మొహం చూడు" అన్నారు. చూశాను. నేనే బట్టలు సర్దుకున్నాను. కాబట్టి మీ అన్నయ్య చెప్పింది అబద్ధం కాదు.

లోవమ్మ పూటపూటా క్యారేజీ తెచ్చి గుమ్మం బయట స్టూలు మీద పెట్టి కేకేసి వెళుతుంది. నా కంచం, గ్లాసు నేనే కడుక్కుంటాను. సాయంత్రం బడి నుంచి వచ్చాక సుప్రజ అవతలి గట్టు మీదికి వస్తుంది. మధ్యలో చెరువు. అక్కడ నిలబడి ఆరోజు పాఠం గట్టిగా అప్పజెబుతుంది. నీళ్ళ మీద మాట బాగా వినిపిస్తుంది. కొత్త గౌను వేసుకున్న రోజు చుట్టూ తిరిగి చూపిస్తుంది. మొన్న తలలో పేలు పడ్డాయని లోవమ్మ చెప్పింది. నా చేతికి అందే దూరంలో ఉంటే ఒక్క పూటలో తీసేసేదాన్ని.

ఇంతే సంగతి. నా మీద ఒట్టు, ఎవరికీ రాయకు.

వదిన

—

చెన్నై,
నవంబరు 1997

వదినగారూ,

కూర్చుని చదవండి. చదివాక అన్నయ్యకు, అమ్మకు కూడా చదివి వినిపించండి.

మీది క్షయ కాదు.

క్షయ సూక్ష్మజీవి మా గొట్టాల్లో రొట్టె పొడి చల్లినట్టు గరుకుగా పెరుగుతుంది. మీది నున్నగా, మీగడ చుక్కల్లా వచ్చింది. నాకు నమ్మకం చిక్కక అన్ని పరీక్షలూ రెండుసార్లు చేశాను, మా పెద్ద సారుకు చూపించాను. క్షయకు దాయాది లాంటిది ఇది. రంగు వేసి సూక్ష్మదర్శిని కింద చూస్తే రెండూ ఒకేలా ఎర్రగా కనపడతాయి. అందుకే భీమవరంలో ప్రతిసారీ క్షయ అని వచ్చింది. డాక్టరుగారి తప్పు లేదు, మీరు మాత్రలు మింగకపోవడమూ కాదు. క్షయకు వేసే మందుల్లో సగం దీన్ని ఏమీ చెయ్యవు.

ఇది నీళ్ళలో, మట్టిలో ఉంటుంది. మనందరం రోజూ పీలుస్తూనే ఉంటాం. ఎవరో కొందరి ఊపిరితిత్తుల్లో మాత్రమే కాపురం పెడుతుంది. ఎందుకో మాకు కూడా సరిగ్గా తెలియదు. అసలు సంగతి ఏమిటంటే, ఇది మనిషి నుంచి మనిషికి అంటదు. సుప్రజకు మీ నుంచి ఇది రాదు. మీరు ఆ గదిలో ఒక్క రోజు కూడా ఉండాల్సిన పని లేదు.

ఇప్పుడు మందుల సంగతి. ఒక్కో గొట్టంలో ఒక్కో మందు కొలత ప్రకారం కలిపి, అందులో మీ సూక్ష్మజీవిని వేసి పెరుగుతుందో లేదో చూశాను. క్లారిత్రోమైసిన్ అనే మందుకు చాలా చిన్న కొలతలోనే ఆగిపోయింది. మంచి కబురు అదే. కానీ దాన్ని ఒంటరిగా వేసుకోకూడదు. మీ ఊపిరితిత్తుల్లో ఉన్న కోట్లలో ఏ కొన్నో ఆ మందుకు చావనివి పుట్టుకతోనే ఉంటాయి. ఎథాంబ్యుటాల్, రిఫాంపిసిన్ అనే మరో రెండు మందులు తోడుండేది వాటి కోసమే. ఒక్క మందే వేస్తే చచ్చేవి చచ్చిపోయి, చావనివి మిగిలి పెరుగుతాయి. అప్పుడిక ఆ మందు పనికిరాదు. కనుక మూడూ కలిపే వేసుకోవాలి. కఫం శుభ్రపడ్డాక కూడా ఇంకో ఏడాది.

రాజమండ్రిలో డాక్టర్ శాంతికుమార్ గారని ఊపిరితిత్తుల వైద్యులు ఉన్నారు. మా దగ్గర శిక్షణకు వచ్చినప్పుడు పరిచయం. ఆయనకు అన్నీ రాశాను. అన్నయ్యను వెంటబెట్టుకుని వెళ్ళండి.

సత్య

—

జువ్వలపాలెం,
జనవరి 1998

సత్యా,

నీ ఉత్తరం మడతల దగ్గర చిరిగింది, అన్నిసార్లు చదివాను.

రాజమండ్రి వెళ్ళొచ్చాం. శాంతికుమార్ గారు చాలా నెమ్మదస్తులు. నువ్వు రాసిన మూడు మందులే రాసిచ్చారు. నోరంతా ఇనుము నాకినట్టుంది, కానీ వేసుకుంటున్నాను.

ఇంట్లో మాత్రం నమ్మకం కుదరలేదు. అత్తయ్యగారు నీ ఉత్తరం విని, "చదువుకున్న పిల్ల కదా, వదిన మీద ప్రేమ కొద్దీ రాసింది" అన్నారు.  మీ అన్నయ్య మర్నాడు గదిలోంచి మేత బస్తాలు తీయించి, రెండో వైపు కిటికీ పెట్టించారు. ఆయన చేతనైంది అది.

ఎవరి దాకానో ఎందుకు. నేనే నమ్మలేకపోతున్నాను. మొన్న సుప్రజ చెరువు చుట్టూ తిరిగి పరుగున నా గుమ్మం దాకా వచ్చేసింది. తలుపు వేసేశాను. నాకు తెలియకుండానే నా చెయ్యి గడియ వేసేసింది. అది అవతల నిలబడి "అమ్మా, సత్యత్త నిన్ను ఇంటికి వచ్చెయ్యమందంట కదా" అంటోంది. నేను లోపల నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నిలబడ్డాను. కాసేపటికి వెళ్ళిపోయింది.

నువ్వు అంటదన్నావు. పొరపాటు పడే అవకాశం ఏమన్నా ఉందా? సీసాలు తారుమారయ్యే అవకాశం? కోప్పడకు. నాకేదన్నా అయితే అయ్యింది.

వదిన

—

చెన్నై,
జనవరి 1998

వదినగారూ,

సీసాలు తారుమారు కాలేదు. నేనే విప్పాను, నేనే వేశాను, పక్కవాళ్ళను ముట్టుకోనివ్వలేదు. అయినా మీ మనసు ఊరుకోదని తెలుసు. మళ్ళీ కఫం పంపండి. ఈసారి సగం మా దగ్గర, సగం వేరే ఊళ్ళోని ల్యాబులో చూపిస్తాను. మీ పేరు గానీ, మొదట ఏం వచ్చిందో గానీ వాళ్ళకు చెప్పను.

అమ్మకు ఉత్తరం రాశాను. మీ మీద ఒట్టు తప్పాను. తిట్టుకోండి.

సత్య

—

జువ్వలపాలెం,
జూన్ 1998

చిరంజీవి సత్యకు,

ఆ రెండో ల్యాబు కాగితం వచ్చి, దాన్ని శాంతికుమార్ గారు అత్తయ్యగారికి ఎదురుగా కూర్చుని తెలుగులో చెప్పాక నేను ఇంట్లోకి వచ్చేశాను. ఆవిడ గుమ్మంలో నిలబడి, "రా అమ్మాయ్" అని పక్కకు జరిగారు.   వంటింట్లోకి వెళ్ళి చూస్తే పోపుల డబ్బాలో ఆవాలూ జీలకర్రా కలిసిపోయి ఉన్నాయి. కూర్చుని వేరు చేశాను. దుఃఖమో సంతోషమో తెలియలేదు.

సుప్రజ నా పక్కనే పడుకుంటోంది. మొదటి వారం సరిగ్గా పడుకోలేదు, నేను ఉన్నానో లేనోనని చెయ్యి వేసి చూసుకునేది. పేలు తీసేశాను. జుట్టు పట్టులా ఉంది ఇప్పుడు. చెరువు అవతల నుంచి కనపడలేదు కానీ, దానికి పై పన్ను ఒకటి వంకరగా వస్తోంది. మూతి మీద చిన్న పుట్టుమచ్చ కొత్తగా వచ్చింది. ఏడాదిలో ఇంత మారతారా పిల్లలు.

దగ్గు బాగా తగ్గింది. జ్వరం లేదు. గట్టు మీది గదిలో మళ్ళీ మేత బస్తాలు వేశారు.

నీ ల్యాబుకు, నీ చేతులకు దండం.

వదిన

—

జువ్వలపాలెం,
ఫిబ్రవరి 1999

సత్యా,

కులాసాగా ఉన్నాం. పెనుగొండ అమ్మవారి గుడికి వెళ్ళొచ్చాం, అంతసేపు క్యూలో నిలబడ్డా ఆయాసం రాలేదు. పాత జాకెట్లు మళ్ళీ పడుతున్నాయి.

సంతోషంగా నీకో సంగతి చెప్పాలి. మధ్యలో నాకు కళ్ళు మసకలు వచ్చాయి, ఎరుపేదో ఆకుపచ్చేదో తేడా తెలిసేది కాదు. మిరపపళ్ళు ఏరుతుంటే లోవమ్మ నవ్వింది. శాంతికుమార్ గారి దగ్గరికి వెళదామంటే ఆయన పై చదువుకో దేనికో ఉత్తరాదికి వెళ్ళారట, ఆరు నెలల దాకా రారట. భీమవరంలో కంటి డాక్టరుగారికి చూపిస్తే, "ఇది ఎథాంబ్యుటాల్ వల్లే అమ్మా, వెంటనే ఆపెయ్యాలి, లేకపోతే చూపు పోతుంది" అన్నారు. ఆపేశాను. చూపు బాగుపడింది. తర్వాత వాంతులు పట్టుకున్నాయి. ఇంకో డాక్టరుగారు కాలేయం మీద పడిందని రిఫాంపిసిన్ ఆపమన్నారు. అదీ ఆపేశాక అన్నం సయిస్తోంది.

దసరా ముందు నుంచీ ఒక్క క్లారిత్రోమైసినే వేసుకుంటున్నాను. ఎంత తేలిగ్గా ఉందో చెప్పలేను. నీ మంచి మందు అదే కదా. అది మాత్రం ఒక్క పూట కూడా మానలేదు.

వదిన

—

చెన్నై,
ఫిబ్రవరి 1999

వదినగారూ,

నిన్న మన ఊరి పోస్టాఫీసుకు ఫోను చేస్తే లైను కలవలేదు. టెలిగ్రాం ఇచ్చాను, అదీ ఇదీ ఏది ముందు అందుతుందో తెలియదు. ఆ ఒక్క మాత్రనూ ఆపెయ్యండి. శాంతికుమార్ గారు రాజమండ్రిలో తన బదులు ఒక డాక్టరుగారిని పెట్టి వెళ్ళారు. అన్నయ్య మిమ్మల్ని రేపే ఆయన దగ్గరికి తీసుకెళ్ళాలి. కఫం పట్టి పంపండి.

మీరు చేసింది తప్పేమీ కాదు. కంటి డాక్టరుగారు కళ్ళు కాపాడారు, రెండో ఆయన కాలేయం కాపాడారు. ఎవరి మట్టుకు వాళ్ళు సరిగ్గానే చేశారు. మూడూ కలిపి చూసే మనిషే మధ్యలో లేకపోయారు.

సత్య

—

చెన్నై,
మే 1999

వదినగారికి,

నమస్కారాలు. ఇక్కడ ఎండలు మండిపోతున్నాయి. నీళ్ళ లారీ వచ్చిందంటే హాస్టలంతా బిందెలతో కిందికి దిగుతుంది. నా గదిలో తిరునెల్వేలి అమ్మాయి ఒకతె చేరింది, రాత్రీ పగలూ పాడుతూనే ఉంటుంది. మెస్సులో పప్పు తింటుంటే మీ మామిడికాయ పప్పు గుర్తొచ్చి ప్రాణం లేచొస్తుంది. ఈ ఏడు ఆవకాయ పెట్టారా? సుప్రజకు సెలవులు కదా, ఏం చేస్తోంది? దానికి బొమ్మల పుస్తకాలు కొన్నాను, అన్నయ్య వస్తే ఇచ్చి పంపుతాను. ఉప్పాడ చీర ఒకటి చూశాను, మీకు బాగుంటుందని తీసిపెట్టమన్నాను.

వీలైతే ఇంకోసారి కఫం పంపండి. ఊరికే, సరిచూసుకోవడానికి.

సత్య

—

జువ్వలపాలెం,
మే 1999

సత్యా,

నీళ్ళ లారీ గురించి రాశావు. తిరునెల్వేలి అమ్మాయి పాటల గురించి రాశావు. పరీక్షలో ఏం వచ్చిందో రాయలేదు.

నాకు అర్థమైంది. అయినా నువ్వు రాయాలి. ఇంట్లో వాళ్ళు నాకు అబద్ధం చెబితే వాళ్ళ బెంగ కొద్దీ చెబుతున్నారనుకుంటాను. నువ్వు కూడా చెబితే ఇక నేను ఎవరిని అడగను? దగ్గు మళ్ళీ వచ్చింది. పొద్దున కఫంలో కాస్త రక్తం కూడా కనపడింది. మీ అన్నయ్యకు చెప్పలేదు.

చీర తీసుకో, కట్టుకుంటాను.

వదిన

—

చెన్నై,
జూన్ 1999

వదినగారూ,

క్షమించండి. ఆ ఉత్తరం రాసేటప్పటికి నాకు తెలుసు.

మొదటిసారి చిన్న కొలతకే ఆగిపోయిన సూక్ష్మజీవి ఈసారి క్లారిత్రోమైసిన్ అన్నిటికంటే ఎక్కువ ఉన్న గొట్టంలో కూడా పెరిగింది. మందు లేని గొట్టం, మందు నిండా ఉన్న గొట్టం పక్కపక్కన పెడితే తేడా తెలియలేదు. నేను వాటిని వెలుతురుకు పట్టుకుని చాలాసేపు చూస్తూ ఉండిపోయాను. మా సారు వచ్చి "ఎవరిది?" అని అడిగారు. మా వదినదండీ అన్నాను. ఆయన నా చేతిలోంచి తీసుకుని స్టాండులో పెట్టేశారు.

ఉన్నవాటిలో గట్టి మందు అదే. అది పోయింది. ఇంకా దారులు ఉన్నాయి. అమికాసిన్ అనే ఇంజెక్షను, దానికి తోడు మరో రెండు మూడు మందులు కలిపి వేస్తారు. అందులో ఒకటి కుష్ఠుకు వాడేది, ఒళ్ళు నల్లబడుతుంది, భయపడకండి. మా గొట్టాల్లో ఇవి పని చేస్తున్నట్టే కనపడుతున్నాయి. కానీ ఈ జాతి విషయంలో గొట్టంలో చచ్చింది ఒంట్లో చస్తుందని రూఢిగా చెప్పలేం. నిజం చెప్పమన్నారు కనుక చెబుతున్నాను. రెండు ఊపిరితిత్తుల్లోనూ ఉంది కాబట్టి ఆపరేషను కుదరదన్నారు.

ప్రయత్నం చేద్దాం వదినగారూ. నేను సెలవు పెట్టి వస్తున్నాను, రాజమండ్రి మీతో కూడా వస్తాను.

సత్య

—

జువ్వలపాలెం,
డిసెంబరు 1999

సత్యా,

నువ్వు వచ్చి వెళ్ళాక ఇల్లు బోసిపోయింది. ఇంజెక్షన్లు వేసుకుంటూనే ఉన్నాను. బుల్లియ్య కాంపౌండరు రోజూ సైకిలు మీద వస్తున్నాడు. తుంటి మీద ఇక చోటు లేదు. ఒళ్ళు నువ్వన్నట్టే నల్లబడింది. అత్తయ్యగారు రోజూ వెన్న రాస్తున్నారు. రాసినంత మాత్రాన పోదని చెప్పాను. "పోకపోతే పోయె, చలికి పగలదు కదా" అన్నారు.

దగ్గు తగ్గలేదు. బరువు పెరగలేదు. నీకు పంపిన కఫంలో మునుపటి మాదిరే ఉందని రాశావు.

చెవుల్లో హోరు మొదలైంది. మొదట చెరువులో గాలి కొట్టే ఏరియేటర్ల చప్పుడనుకున్నాను. అవి ఆపేసినప్పుడూ అలాగే ఉంది. మొన్న సుప్రజ వెనక నుంచి పిలిచిందట, నాకు వినపడలేదు. ముందుకొచ్చి మొహం చూసి, "అమ్మా, నాకు పలకవేంటి" అంది. శాంతికుమార్ గారు తిరిగొచ్చారు కదా, పరీక్ష చేసి ఇది అమికాసిన్ వల్లే అన్నారు. ఆపేస్తే ఇంతటితో నిలుస్తుందట. కొనసాగిస్తే పూర్తిగా పోవచ్చట. నేను ఆయన్ని సూటిగా అడిగాను, వేసుకుంటే బతుకుతానా అండీ అని. ఆయన "కొన్ని నెలలు ఎక్కువ రావచ్చు, రాకపోవచ్చు" అన్నారు.

ఆపేశాను సత్యా. వచ్చే నెలలు ఎన్నో నాకు తెలియదు. ఉన్నన్నాళ్ళూ దాని మాట వినపడాలి. మీ అన్నయ్య గోడ వైపు తిరిగి కూర్చున్నారు. నువ్వయినా నన్ను బలవంతం చెయ్యకు.

వదిన

—

చెన్నై,
జనవరి 2000

వదినగారూ,

బలవంతం చెయ్యను. మూడు రోజులు ఉత్తరం మొదలెట్టి చించేశాను. మీరు సరిగ్గానే ఆలోచించారు. ల్యాబు మనిషిగా కూడా అదే అంటాను. మీ మరదలిగా మాత్రం ఒప్పుకోలేకపోతున్నాను, అది మీకు తెలియాలి.

సత్య

—

జువ్వలపాలెం,
ఆగస్టు 2000

సత్యా,

కలం ఎక్కువసేపు పట్టుకోలేను, పొట్టిగా రాస్తాను.

ఇప్పుడు మంచం వరండాలో వేశారు. పడుకుంటే ఆయాసం కనుక దిళ్ళకు ఆనుకుని కూర్చుంటున్నాను. సుప్రజ బడి నుంచి రాగానే మంచం మీదికి ఎక్కి కూర్చుని అన్నీ చెబుతుంది. వాళ్ళ టీచరు నడక కూడా చేసి చూపిస్తుంది. నవ్వితే దగ్గు, అయినా నవ్వుతాను.

ఒక సంగతి నీకు రాయాలనే కూర్చున్నాను. నిన్న పొద్దున అత్తయ్యగారు కాఫీ తెచ్చారు. రెండు గుక్కలు తాగి ఇక సయించక పక్కన పెట్టాను. ఆవిడ మాట్లాడుతూ మాట్లాడుతూ ఆ గ్లాసు తీసుకుని మిగతాది తాగేశారు. తాగాక గానీ ఇద్దరం చూసుకోలేదు. ఆవిడ గ్లాసు వంక చూసి, "పంచదార తక్కువైంది, చెప్పకపోయావా" అన్నారు.

మీ అమ్మను ఎప్పుడూ ఏమీ అనకు.

వదిన

—

జువ్వలపాలెం,
ఫిబ్రవరి 2001

సత్యత్తకు,

సుప్రజ నమస్కారాలు. నేను బాగున్నాను. నువ్వు బాగున్నావా. అమ్మ కార్యం అయ్యాక నువ్వు వెళ్ళిపోయిన మర్నాటి నుంచి బడికి వెళుతున్నాను. నాన్న నన్ను మోటారు సైకిలు మీద దింపుతున్నారు. నాన్న చెరువుల దగ్గరే ఎక్కువసేపు ఉంటున్నారు.

అత్తా, బడిలో సాయిదుర్గ నా పక్కన కూర్చోవడం మానేసింది. వాళ్ళమ్మ వద్దందంట. మీ అమ్మ టీబీతో చచ్చిపోయింది, నువ్వు అమ్మ పక్కన పడుకునేదానివి కదా, నీకూ ఉంటుంది అంది. నేను టీబీ కాదు అన్నాను. నానమ్మ వాళ్ళింటికి వెళ్ళి అది అంటుకునే జబ్బు కాదండీ అని చెప్పింది. వాళ్ళు సరేనండీ అన్నారు కానీ సాయిదుర్గ రాలేదు. నా బెంచీ మీద నేనొక్కదాన్నే కూర్చుంటున్నాను.

నాకు నాలుగు రోజుల నుంచి దగ్గు వస్తోంది. నాన్నకు చెప్పలేదు. చెప్తే భయపడతారు. దుప్పట్లో దగ్గుతున్నాను. అత్తా, నాకు కూడా వచ్చిందా. నన్ను కూడా గట్టు మీది గదికి పంపుతారా. నిజం రాయి.

సుప్రజ

—

చెన్నై,
ఫిబ్రవరి 2001

బంగారూ,

రాలేదు. మీ అమ్మ జబ్బు నీకు అమ్మ నుంచి రాదు. నీకు వచ్చింది పడిశం, మంచు రోజుల్లో అందరికీ వచ్చేదే. దుప్పట్లో దగ్గక్కర్లేదు. నాన్నకు చెప్పి మందు వేయించుకో. నాన్నకు నేనూ రాస్తున్నాను. నిన్ను ఎవరూ ఎక్కడికీ పంపరు.

నిజం రాయమన్నావు. అమ్మ విషయంలో నేను పెట్టిన పరీక్షల్లో మొదట మంచి ఫలితాలు వచ్చాయి, తర్వాత చెడ్డవి వచ్చాయి. పని చేస్తుందనుకున్న మందు పని చెయ్యకుండా పోయింది. అమ్మను బతికించడం మాకెవరికీ చేతకాలేదు. రోజూ ఆ గొట్టాలే ముందేసుకుని కూర్చుంటాను, చెయ్యి ఆడదు. కానీ అంటదన్న మాట మాత్రం మొదటి రోజు ఎంత నిజమో ఇప్పుడూ అంతే నిజం.

నువ్వు ఎరగని సంగతి ఒకటి చెబుతాను. రెండో ల్యాబు కాగితం వచ్చాక కూడా మీ అమ్మకు ధైర్యం చాల్లేదు. భీమవరం వెళ్ళి ఎస్టీడీ బూత్ నుంచి నాకు ఫోను చేసింది. సుప్రజను పక్కన పడుకోబెట్టుకోవచ్చా అని అడిగింది. పడుకోబెట్టుకోండి అన్నాను. ఒకే దుప్పటి? ఒకే దుప్పటే. నా కంచంలో తింటే? తిననివ్వండి. నిద్రలో దాని మొహం మీద దగ్గితే? అయినా ఏమీ కాదు వదినగారూ అన్నాను. అప్పటికీ పెట్టెయ్యలేదు. "సత్యా, నీ కూతురైతే ఏం చేస్తావు?" అంది. నా కూతురైతే ఈపాటికి మీ ఒళ్ళో ఉండేది అన్నాను.  ఏడుపు వినపడింది. బూత్ దగ్గర వెనక క్యూలో ఎవరో "అయిందా అండీ" అంటున్నారు.

ఇన్ని అడిగి తెలుసుకున్నాకే నిన్ను దగ్గరికి తీసుకుంది అమ్మ. నీకు కీడు చేసేది ఏదన్నా ఉంటే, ఎంత ఏడ్చినా ఆ తలుపు తీసేది కాదు. అందుకని నువ్వు భయపడకు.

సాయిదుర్గ మీద కోపం పెట్టుకోకు. వాళ్ళమ్మకు ఉన్న భయం మన ఇంట్లోనూ ఉండేది.

ఆదివారం పొద్దున్నకు నేను వస్తున్నాను. ఈసారి సెలవు ఎక్కువే పెట్టాను. సోమవారం నీతో బడికి వచ్చి మీ హెడ్‌మాస్టరుగారిని అడుగుతాను, పిల్లలకూ వాళ్ళ అమ్మలకూ ఈ జబ్బు గురించి నన్ను చెప్పనివ్వమని. నమ్మేవాళ్ళు నమ్ముతారు. మిగతా రోజుల్లో, ఆ బెంచీ మీద నీ పక్కన ఎవరో ఒకరు వచ్చి కూర్చునేదాకా, అక్కడ నేను కూర్చుంటాను. కాస్త జరిగి చోటివ్వు.

అత్త